ఒకటికి పది

ఆ పొద్దున పేపరు చూడగానే కటింగ్ మాస్టరుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నిన్నటిదాకా మూడు వేలు పలికిన దారం కంపెనీ షేరు ఇవాళ మూడు వందలని అచ్చులో ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మూడు వందలే.

ఆయన స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పని చేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా పొడుగాటి బల్ల ముందు నిలబడి బట్ట కత్తిరిస్తున్నాడు. వెనక పన్నెండు మిషన్లు ఒకేసారి రొద పెడుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని అక్కడ మాట్లాడుకోవడం ఏనాడో మానేశారు, అంతా చేతి సైగలే. సాయంత్రం గదికి పోతే అక్కడ సైగ చేసే దిక్కు కూడా లేదు. భార్య పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. "హాయిగా ఉన్నాడు, అడిగేవాళ్ళు లేరు" అంటుంటారు కొందరు. వాళ్ళ నోరు పడిపోను! అడిగేవాళ్ళు లేకపోవడం హాయేమిటండీ?

ఆ షేర్లు మొదలుపెట్టింది భార్యే. "చేతిలో తెగని దారం వీళ్ళదొక్కటే అంటారుగా, మరి మన డబ్బులు వీళ్ళ దగ్గరే పెడదాం" అని పట్టుబట్టి రెండు కొనిపించింది. ఆమె పోయాక ఆయన ఆ అలవాటు వదల్లేదు. రెండున్నర నెలలు కూడబెడితే ఒక షేరుకి సరిపోయేది. అప్పుడు బ్రోకరు ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. అక్కడి అమ్మాయి "చెప్పండి బాబాయ్ గారూ" అంటూ ఎత్తేది.

అదీ అసలు సంగతి. షేరూ కాదు, గీరూ కాదు, ఆ పిలుపు. అన్నలు లేనివాణ్ణి బాబాయ్ అని పిలిచేదెవరు? కొనడం అయ్యాక ఆ అమ్మాయి "ఇవాళేం కుట్టారు?" అని అడిగేది. తాను కుట్టడనీ, కత్తిరిస్తాడనీ ఆయన ఎన్నడూ చెప్పలేదు. అడిగిందే పదివేలు, దిద్దడం కూడానా! రెండు నిమిషాలు గడిచేసరికి వెనక ఇంకో ఫోన్ మోగేది. "ఇంకో ఫోనొస్తోంది, ఉంటా బాబాయ్ గారూ" అని పెట్టేసేది. ఏడాదికి అయిదు షేర్లు, అయిదు ఫోన్లు. ఊరికే చెయ్యొచ్చుగా అని మీరనొచ్చు. ఏమని చేస్తాడు? పని లేకుండా పరాయి ఆడపిల్లకి ఫోన్ చేసే మనిషి కాదాయన.

ఇవాళ మాత్రం పనుంది.

"అమ్మా, కొంప మునిగింది! మన దారం కంపెనీ..."

ఆ అమ్మాయి కిలకిలా నవ్వింది. "ఏం మునగలేదు బాబాయ్ గారూ. షేరుని స్ప్లిట్ చేశారు, అంతే. ఒక్కోదాన్నీ పది ముక్కలు చేశారు. మీ ఇరవై రెండూ ఇప్పుడు రెండు వందల ఇరవై. మీ డబ్బు ఎక్కడిదక్కడే ఉంది."

మాస్టరు సిగ్గుతో చచ్చిపోయాడు. రోజూ తాను చేసే పనే కదా! ముక్కలు చేసినంత మాత్రాన బట్ట పెరుగుతుందా, తరుగుతుందా? ఆ మాటకొస్తే తన కత్తెర కింద పీలికలైనా పోతాయి, వీళ్ళకి అదీ లేదు.

మధ్యాహ్నం గుండీలు కుట్టే పెద్దాయన, ఏ ఆర్నెల్లకో ఒక మాట అనే మనిషి, అన్నం డబ్బా విప్పుతూ "చవగ్గా వస్తోందిట, ఎగబడి కొంటున్నారు, నువ్వూ లాగించు" అన్నాడు. మాస్టరు సంబరంగా మళ్ళీ ఫోన్ చేశాడు. ఒకే రోజు రెండోసారి!

"చవకేంటి బాబాయ్ గారూ, ముక్క ధరకి ముక్కే వస్తుంది. కంపెనీ బాగుందా, నాలుగు డబ్బులు సంపాదిస్తోందా, అది చూసి కొనండి. స్ప్లిట్ అయిందని కొనడం ఎందుకు? దాంతో ఒరిగేదేం లేదు."

"దారం ఇప్పటికీ తెగట్లేదమ్మా."

"అయితే నిశ్చింతగా ఉంచుకోండి."

ఒరిగేదేం లేదట! ఆ పిల్లకేం తెలుసు? మాస్టరు బల్ల మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. మూడు వందలంటే వారంలో మిగులుతాయి. వారానికో షేరు, వారానికో ఫోన్, మంగళవారం మంగళవారం. ఏడాదికి అయిదు కాస్తా యాభై. ఆ స్ప్లిట్ వల్ల లోకంలో నిజంగా బాగుపడ్డవాడు ఈయనొక్కడే.

ఏడు మంగళవారాలు రాజాలా బతికాడు. ఎనిమిదో మంగళవారం ఆ అమ్మాయి, పాపం మంచికే, ఒక మాట అంది.

"వారం వారం మీకీ శ్రమెందుకు బాబాయ్ గారూ? ఒక ఫారం ఉంది. సంతకం పెడితే ప్రతి మంగళవారం దానంతటదే ఒక షేరు కొనేస్తుంది. మీరిక ఫోన్ చెయ్యక్కర్లేదు."

ఆయన గబుక్కున అడ్డం పడ్డాడు. "శ్రమేం లేదమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి వింటేనా! ఆఫీసుకి రమ్మంది, తనే నింపిస్తానంది.

సోమవారం సగం పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. ఆ అమ్మాయి అద్దం వెనక, జడలో పెన్సిలు గుచ్చుకుని, రెండు ఫోన్ల మధ్య కూర్చుని ఉంది. ఈయన బెంచీ మీద చోటు చేసుకున్నాడో లేదో, "చెప్పండి బాబాయ్ గారూ" అని వినపడింది. "ఆఁ, వచ్చానమ్మా" అంటూ దిగ్గున లేచాడు. ఆమె ఇటు చూడనేలేదు. మాట్లాడుతున్నది ఫోన్లో.

మెల్లిగా కూర్చున్నాడు. "ఇంకో ఫోనొస్తోంది, ఉంటా బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి. రెండో ఫోనెత్తి "చెప్పండి బాబాయ్ గారూ" అంది. ఇరవై నిమిషాల్లో నలుగురు బాబాయ్‌లు. పిలుపుని కూడా స్ప్లిట్ చేశారన్నమాట! షేరైతే పది ముక్కలూ మన చేతికే వస్తాయి. ఇక్కడ తన చేతికొచ్చింది ఒక్క ముక్కే, మిగతావి ఎవరెవరి దగ్గరో ఉన్నాయి. మాస్టరుకి ఏడుపొచ్చింది. తన వంతు రాగానే, ఇంటి దగ్గర నింపుకుంటానని చెప్పి ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

మర్నాడు మంగళవారం. ఫోన్ చెయ్యలేదు. ఫారమూ నింపలేదు. ఆ వారమంతా ఆయన నోరు విప్పింది రెండుసార్లు, అదీ బస్సులో టికెట్టు కోసం.

ఆ పై మంగళవారం మధ్యాహ్నం మిషన్లు ఆపి అందరూ భోజనానికి లేచారు. తన సెల్లులో చార్జింగ్ లేక, మాస్టరు షాపు ఫోన్ అందుకున్నాడు.

"నేనమ్మా, బాబాయ్‌ని."

"ఏ బాబాయ్ గారండీ?"

పెట్టేద్దామనుకున్నాడు. పెట్టెయ్యలేకపోయాడు. "దారం బాబాయ్‌ని."

"అయ్యో, మీరా! నంబరు వేరే కదా, పోల్చుకోలేదు. ఫారం పంపలేదేం?"

మర్చిపోయానని అనొచ్చు. అదే అనబోయాడు కూడా.

"అది నింపితే నీకు ఫోన్ చెయ్యక్కర్లేదన్నావు కదమ్మా. వారం మొత్తానికి నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే. నీకు నాలాంటి బాబాయ్‌లు చాలామంది ఉన్నారు, చూశాను. ఫర్వాలేదు. నా ముక్క నాకుంచు, చాలు."

అవతల వెనక ఇంకో ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

"ఇంకో ఫోనొస్తున్నట్టుంది, ఉంటానమ్మా" అన్నాడు మాస్టరు తనే.

"ఉండండి బాబాయ్ గారూ."

ఆ ఫోన్ మోగి, మోగి, ఆగిపోయింది. ఆ అమ్మాయి ఎత్తలేదు.

"ఒక షేరే కదా, కొన్నాను. ఇప్పుడు చెప్పండి, ఇవాళేం కుట్టారు?"

"నేను కుట్టనమ్మా" అన్నాడాయన, "కత్తిరిస్తాను."