మైనంలో మిగిలిన గురువులు

ల్యాబు కిటికీలోంచి ఏదో కాగితం ఇస్తారనుకుంది సీతాలు. ఆసుపత్రులంటే ఆమెకు తెలిసినంతలో కాగితాలే. పొద్దున్నుంచీ చేపలమ్మిన చెయ్యి, కాగితానికి వాసనంటుకుంటుందేమోనని కొంగుకు తుడుచుకుని మరీ చాపింది.

కిటికీ అవతల పనిచేసే గుణశేఖర్ కాగితం ఇవ్వలేదు. అగ్గిపెట్టెలో సగం ఉన్న ప్లాస్టిక్ బిళ్ళనొకదాన్ని చిన్న కవరులో వేసి ఆమె అరచేతిలో పెట్టాడు. బిళ్ళ మీద తెల్లటి మైనం. మైనం నడుమ గోరంత గోధుమరంగు ముక్క.

"ఇదేటి బాబూ?"

"మీ ఆయనదేనమ్మా, గురువులు గారిది."

"మా ఆయన పోయి నాలుగేళ్ళయిపోనాది బాబూ."

"అవునమ్మా. ఆపరేషన్లో తీసిన గడ్డలో ముక్క ఇది. మైనంలో పెడితే ఎన్నేళ్ళయినా పాడవదు."

సీతాలు చెయ్యి లాక్కోబోయి ఆగిపోయింది. లాక్కుంటే అది కింద పడుతుంది. బరువే లేదు. పక్కనున్న కూతురు కీర్తన వంగి చూసి, చప్పున మొహం తిప్పేసుకుంది.

ఆ ముక్క కావాల్సింది కీర్తన కోసమే. ఇరవయ్యారేళ్ళ పిల్ల, పరవాడ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. నెల రోజులుగా దొడ్డికి వెళితే రక్తం పడుతోంది. డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, పేగులో బుడిపెలున్నాయంది. గురువులును తీసుకుపోయిందీ పేగులో గడ్డే. తండ్రి జబ్బు బిడ్డకు దిగిందో లేదో తేలాలంటే ముందు తండ్రి ముక్కను పరీక్షించాలనీ, దాన్నిబట్టే పిల్లకు బుడిపెలు తీస్తే సరిపోతుందా, పేగే తియ్యాలా అన్నది చెబుతాననీ అంది. పాత ల్యాబులో అడిగి తెచ్చుకోమంది. పేగు తియ్యడమన్న మాట దగ్గరే సీతాలు బుర్ర ఆగిపోయింది. మిగతాదేదీ తలకెక్కలేదు.

"మరి మిగిల్నదేదీ బాబూ?"

"ఏదమ్మా?"

"మూరెడు పేగు తీసేరు కదా. అదేదీ?"

గుణశేఖర్ గొంతు కాస్త తగ్గించాడు. "రిపోర్టు వచ్చాక కొన్నాళ్ళు మందునీళ్ళలో ఉంచుతామమ్మా. తర్వాత పసుపు సంచిలో వేస్తే బండొచ్చి పట్టుకెళ్తుంది. ఊరిబయట కాల్చేస్తారు, అందరివీ కలిపి."

ఆపరేషనయ్యాక గురువులు ఏడాది బతికాడు. అంటే వాళ్ళు కాల్చేనాటికి ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో కూర్చుని గంజి తాగుతూ, ఉప్పు చాలలేదని తనమీద కసురుకుంటూ ఉన్నాడు. అప్పుడే ఎక్కడో సగం మనిషి కాలిపోయాడు. ఎవరికీ తెలీలేదు. ఆయనకూ తెలీలేదు.

"జాగ్రత్తమ్మా, గడ్డ ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే. ఎండ తగలనివ్వకండి, కరిగిపోతుంది. రేపు డాక్టరుగారికి అందించెయ్యండి."

"ఐసు పెట్టాలా?"

"చేప కాదు కదమ్మా" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

జాలారిపేట దాకా ఆటోలో కవరు కీర్తనే పట్టుకుని కూర్చుంది. సందు మొగలో దిగాక సీతాలు గట్టిగా చెప్పింది. "మీ మామ్మతో ఏటీ అనకు. నీ రక్తం సంగతీ, ఈ ముక్క సంగతీ."

మామ్మ అంటే అప్పాయమ్మ, గురువులు తల్లి. ఆమె మొగుణ్ణీ పెద్దకొడుకునూ సముద్రం తీసుకుంది. ఇద్దరి శవాలూ ఒడ్డుకు రాలేదు. గడ్డి బొమ్మలు చేసి కాల్చారు. గురువులు మంచం మీద పోయిన రోజున పేటంతా ఏడ్చింది గానీ ఆమె ఏడవలేదు. కొడుకును తల నుంచి కాళ్ళ దాకా తడిమి తడిమి, "ఈడొక్కడే నాకు నిండుగా దొరికేడు" అంది. పొట్ట మీద కుట్లున్నాయి కదాని అప్పుడెవరికీ తోచలేదు.

గుమ్మం ముందు ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతున్న అప్పాయమ్మ తలెత్తింది. "ఏటే గుంటా, ఆ కవరు దాత్తన్నావు?"

కీర్తనకు మామ్మ దగ్గర అబద్ధం ఎప్పుడూ నిలబడలేదు. "నాన్నది మామ్మా" అనేసింది.

ఇక చెప్పక తప్పలేదు. పిల్ల జబ్బు మాట దాచి, సర్కారు వాళ్ళేదో పరీక్ష చేస్తారట అని సీతాలు చెప్పింది. అప్పాయమ్మ కవరు అందుకుని వెలుగుకెత్తి చూసింది.

"మిగిల్నదో?"

"పసుపు సంచిలో ఏసి కాల్సేసేరంట అత్తా."

"ఎవులు?"

"ఆసుపత్రోలు."

"ఎవులు నిప్పెట్టేరే? మనోలెవులున్నారక్కడ? నా కొడుక్కి ఎవులో ఊరూ పేరూ నేనోడు తలకొరివెట్టేడా?"

సీతాలు కవరు కోసం చెయ్యి చాపితే అప్పాయమ్మ ఇవ్వలేదు.

"ఇది సముద్రానికిచ్చీయాల. సర్కారోలతో నాకేటి పని?"

"రేపిచ్చీమన్నారత్తా. తప్పదు."

"తప్పదా? నీకు మొగుడే. నా కడుపులోంచొచ్చిన ముక్కే అది." ఆ మాట తర్వాత ముసలామె గొంతు దిగింది. "ఈ ఒక్క రేత్రీ ఆడి పటం కాడ ఉండనియ్యి."

అది కూడా కాదంటే ఎలా అని సీతాలు ఒప్పుకుంది. పటం ముందు పీట మీద తనే పెట్టింది. దీపానికి దూరంగానే పెట్టింది. కరుగుతుందన్న మాట అత్తకు చెప్పాలన్న ఆలోచన రాలేదు.

తెల్లారకుండానే బుట్ట తీసుకుని హార్బరుకు వెళ్ళిపోయింది. వేలంపాటలో ఎవరేం అరుస్తున్నారో వినబడలేదు. రెండు బుట్టల కానాగంత చేపలు ఎవరికో వదిలేసుకుంది. ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే కొవ్వొత్తి వాసన కొట్టింది.

పటం ముందు పెద్ద స్టీలు పళ్ళెం. పళ్ళెంలో చుట్టూ నూనె ప్రమిదలు, నడుమ కవరులోంచి తీసిన బిళ్ళ. దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, బంతిపువ్వొకటి ఉంచింది అప్పాయమ్మ. అక్కడ ఎవరో కాల్చినప్పుడు జరగని మర్యాద ఇక్కడ జరిపింది. మైనం కరిగి నీళ్ళలా పళ్ళెమంతా పారి, అంచుల్లో తెల్లగా గడ్డకడుతోంది. ప్లాస్టిక్ బిళ్ళ ఖాళీ.

"అత్తా! ముక్కేదీ?"

అప్పాయమ్మ కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. "బయటకొచ్చేసేడే. ఆడే వొచ్చేడు. ఎల్లనియ్యి" అంటూ లేచింది. గుమ్మం దాటి నాలుగు ఇళ్ళు నడిస్తే ఇసుక. ఇసుక దాటితే సముద్రం.

సీతాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ ఇంటికి కోడలైన ముప్పయ్యేళ్ళలో అత్తకు అడ్డు నిలబడ్డం అదే మొదలు. "ఎల్లనివ్వనత్తా."

"తప్పుకోయే."

"పిల్లకి రక్తం పడతంది!"

లోపల నుంచి వచ్చిన కీర్తన అక్కడే ఆగిపోయింది.

"ఏ పిల్లకి?"

"నీ మనవరాలికి. నెల్లాళ్ళ నుంచీ. ఆడి జబ్బే దీనికీ వొచ్చిందో నేదో ఆ ముక్కే సెప్పాల. అది సముద్రంలో ఏసెత్తే డాక్టరమ్మ ఇంక దేన్ని సూసి సెప్తాది?"

అప్పాయమ్మ గుమ్మం పక్క గోడకు చేరగిలబడిపోయింది. కీర్తన మొహంలోకి చూసింది, పిల్ల కాదంటుందేమోనని. కీర్తన కాదనలేదు. "నాకెందుకు సెప్పలేదే?" అంది ముసలామె, ఎవర్నీ చూడకుండా. తర్వాత పిడికిలి విప్పింది. గీతల మధ్య, ఎండిన రొయ్యపొట్టులా, గురువులు.

కీర్తన ల్యాబుకు ఫోను చేసింది. "కడిగారా?" అన్నదే గుణశేఖర్ మొదటి ప్రశ్న. లేదంది. "నీళ్ళు తగలనివ్వకండి. శుభ్రమైన డబ్బాలో వేసి వెంటనే తెచ్చెయ్యండి. చూద్దాం."

ఆ చూద్దామన్న మాట పట్టుకునే ముగ్గురూ ఆటో ఎక్కారు. డబ్బా అప్పాయమ్మ ఒళ్ళో ఉంది. ఎవరూ అడగలేదు, ఆమె ఇవ్వలేదు. ల్యాబులో మాత్రం కిటికీలోంచి తనే అందించింది.

చాలాసేపటికి గుణశేఖర్ బయటకు వచ్చాడు. "ఒక అంచు కమిలింది. మిగతాది బాగానే ఉంది, మళ్ళీ మైనంలో పెట్టాను. పరీక్షకు సరిపోతుంది. ఈసారి డాక్టరుగారికి నేనే పంపిస్తాను లెండి."

సీతాలు అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయింది. తెరిచి ఉన్న తలుపులోంచి లోపల గోడ పొడవునా ఇనప సొరుగులు కనిపించాయి, నేల నుంచి పైకప్పు దాకా. అన్నిట్లోనూ ఇవేనా అని అడగబోయి ఊరుకుంది. మల్కాపురం వాళ్ళూ, కంచరపాలెం వాళ్ళూ, ఉన్నవాళ్ళూ పోయినవాళ్ళూ. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికి తెలుసు?

ఎలాగూ వచ్చారు కదాని పరీక్షకు కీర్తన రక్తం కూడా తీశారు. గాజు గొట్టం నిండుతుంటే అప్పాయమ్మ కన్నార్పకుండా చూసింది. సూది తీసిన అమ్మాయి దూది అదిమి, కాసేపటికి దాన్ని తీసి, పక్కనున్న డబ్బాలో పడెయ్యబోయింది. డబ్బాకు పసుపు సంచి తొడిగి ఉంది.

అప్పాయమ్మ ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

"ఇదేనా ఆ సంచి?"

"చెత్త సంచి మామ్మా."

"ఆ గొట్టం నీదే. ఇది మాది." దూదిని తీసుకుని కొంగు చివర ముడేసి, ముడిని మరోసారి బిగించింది.

అక్కడ కూర్చున్న జనమంతా చూస్తున్నారు. ఇంకోరోజైతే సీతాలుకు సిగ్గేసేది. ఇప్పుడు లేచి వెళ్ళి, ముడి వదులైపోకుండా ఆ కొంగును అత్త నడుములో తనే దోపింది.