వెచ్చగా కూర్చుని చెప్పిన మాట

రెండువేల ఇరవై రెండు, మార్గశిర మాసం. పినపాక అవతల అడవిలో మద్దిబోడు అనే గూడెంలో ఆ ఏడు చలి ముందుగానే దిగింది. అక్కడ ముప్పై రెండు ఇళ్ళు. ఆడవాళ్ళు కట్టెలకు, మగవాళ్ళు మిరప తోటలకు పోవాలి. అయినా పొద్దు గుట్ట ఎక్కేదాకా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. అందరూ వచ్చి చిన్నక్క చుట్టూ కూర్చునేవాళ్ళు.

చిన్నక్క ఒళ్ళు పొయ్యిలాగా కాగేది. అరవై ఏళ్ళ మనిషి, గొంగడి ఎరగదు. తడి చీర కట్టుకుని వాగు నుంచి ఇంటికి వచ్చేలోపు ఆరిపోయేది. బాలింతలు పిల్లల్ని ఆమె పక్కన పడుకోబెట్టి పనికి పోయేవాళ్ళు. ఎండాకాలం మాత్రం ఆమె మొగుడు దూలయ్య మంచం వేపచెట్టు కిందికి మార్చుకునేవాడు.

గూడెం పంచాయితీలన్నీ ఆమె చుట్టూనే జరిగేవి. దానికి ఒక కట్టుబాటు ఉంది. మాట్లాడదలచుకున్నవాడు వెచ్చని చోటు వదిలి, అందరి వెనక్కి పోయి, చలిలో నిలబడి చెప్పాలి. వణుకుతూ చెప్పిన మాటే మాట. అందుకని మద్దిబోడులో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు, దూలయ్య తప్ప.

డిసెంబరు మొదటివారంలో ఒక ఉదయం అటవీశాఖ ఆఫీసరు వచ్చాడు. పంచాయతీ కార్యదర్శి రవీందర్ వెంట ఉన్నాడు. విషయం ఇది. మెయిన్ రోడ్డు నుంచి గూడేనికి మూడు కిలోమీటర్ల తోవ, మధ్యలో వాగు. ఆ తోవలో రోడ్డు వేయడానికి డబ్బు మంజూరైంది. రోడ్డు అడవిలోంచి పోవాలి కాబట్టి అటవీశాఖ ఒప్పుకోవాలి. ఇకమీదట అడవిలో కట్టెలు కొట్టబోమని గూడెమంతా గ్రామసభలో తీర్మానం చేస్తే వాళ్ళు ఒప్పుకుంటారు. ఇంటింటికీ గ్యాసు ఇస్తారు.

దూలయ్య లేచి వెనక్కి పోయి నిలబడ్డాడు.

"గ్యాసు మీద అన్నం ఉడుకుతది సారూ. మనిషి కాగడు. పూసమాసంల ముసలోళ్ళు బండను పట్టుకొని పండాల్నా?"

"నీకేంది బావా, కట్టె లేకున్నా నీకు పెండ్లాముంది" అన్నది జంపక్క. ఆ గూడెంలో కాన్పులు చేసే మనిషి ఆమె. అందరూ నవ్వారు. "ముందు లేసి ఎనకకు పోయి అను" అన్నాడు దూలయ్య. ఆమె పోలేదు కాబట్టి ఆ మాట లెక్కలోకి రాలేదు.

అప్పుడు దూలయ్య కోడలు ప్రమీల లేచింది. ఆరో నెల. నడుం పట్టుకుని వెనక్కి నడిచింది.

"నాకు తొవ్వ గావాలె" అంది. "108 బండి వాగు అవుతల రోడ్డు మీదనే ఆగుతది. పోయినసారేమైందో మీకెరికే."

అందరికీ ఎరికే. రెండేళ్ళ కింద ఆమె మొదటి కాన్పు ముందుగా వచ్చి వాగు ఒడ్డునే అయింది. పిడికెడంత బిడ్డ. వేడి నిలవక మధ్యాహ్నానికే పోయింది. ఆ రోజు చిన్నక్క కూలి పనికని అశ్వారావుపేటలో ఉంది. అప్పటినుంచి ఆమె గూడెం దాటలేదు.

"మీ అత్త ముగ్గురిని కన్నది. ఏ బండి మొకం చూసింది?" అన్నాడు దూలయ్య.

"మా అత్త ఒళ్ళు నాకు లేదు గద మామా."

దూలయ్య వచ్చి తన చోట కూర్చున్నాడు. ఒప్పుకోలేదు మాత్రం.

ఆఫీసరుకు చలి ఎక్కువైంది. జరిగి జరిగి చిన్నక్క మంచం కోడుకు ఆనుకున్నాడు. కాసేపటికి స్వెట్టర్ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడే హాయిగా కూర్చుని అరగంట మాట్లాడాడు. అడవి ఎందుకు తగ్గుతోందో చెప్పాడు, పులుల లెక్క చెప్పాడు. చివర్లో, ఇరవయ్యో తారీఖులోపు తీర్మానం రాకపోతే రోడ్డు వేరే ఊరికి పోతుందని చెప్పాడు. గూడెం వాళ్ళు మర్యాదగా తల ఊపారు. వెచ్చగా కూర్చున్న మనిషి మాటలు కనుక ఎవరూ మనసులో పెట్టుకోలేదు. రవీందర్ బూర్గంపాడు మనిషి, కొత్తగా వచ్చాడు. అందరూ తల ఊపారు కదా, విన్నారనుకున్నాడు.

ఆ తరవాత ప్రమీలకు కాలు నిలవలేదు. కడుపులో బిడ్డ తిరుగుతున్నట్టే ఆమె గూడెంలో తిరిగింది. రోజుకు రెండిళ్ళు. పుల్లలు ఏరుకుంటే చాలదా, పచ్చి చెట్టు కొట్టడం ఎందుకని ఒక ఇంట్లో, కట్టెలకు చేను గట్ల మీద సుబాబుల్ చెట్లు పెంచుకుందామని ఇంకో ఇంట్లో. ఒక్కొక్కరే ఉదయం లేచి వెనక్కి పోయి, "సరే" అని వచ్చి కూర్చున్నారు. చివరికి దూలయ్య ఒక్కడు మిగిలాడు.

దూలయ్యకు కూడా కుదురు లేదు. పొద్దునే పోయి వాగులో తోవ చేద్దామని రాళ్ళు పక్కకు నెట్టి వచ్చేవాడు. మర్నాడు పోయి చూస్తే ఇసుక కుంగి ఉండేది. ఎనిమిది రోజులు అలాగే చేశాడు. తొమ్మిదో రోజు, ఇరవై రెండో తారీఖున, తడి కాళ్ళతో వచ్చి అందరి వెనక నిలబడ్డాడు.

"పెట్టుండ్రి సంతకం. చెట్లు నేనే నాటుత" అన్నాడు.

ప్రమీల ఆ కాగితం తీసుకుని, మామ వెంట పంచాయతీ ఆఫీసుకు నడిచింది. రవీందర్ కాగితం చూసి తల దించుకున్నాడు.

"ఇరవైతో అయిపోయింది పెద్దయ్యా. సారు చెప్పిండు గద."

"ఎన్నడు చెప్పిండు?"

"మీ ముంగటనే. చిన్నక్క పక్కన కూసోని."

"కూసోనే చెప్పిండు. లేసి చెప్పలే" అన్నాడు దూలయ్య.

రవీందర్‌ వెంటనే సారుకు ఫోన్ చేశాడు. రోడ్డు అప్పటికే వేరే ఊరి పేరున రాసేశారు. తిరుగుదారిలో దూలయ్య రెండుసార్లు ఆగాడు. కోడలు ఆగలేదు.

జనవరి చివర్లో, ఏడు నెలలు దాటగానే, పొద్దున మంచు విడవకముందే ప్రమీలకు నొప్పులు వచ్చాయి. డోలీ కట్టి నలుగురు మోశారు. దూలయ్య ముందు పట్టాడు. జంపక్క, చిన్నక్క పక్కన నడిచారు. వాగుకు ఇవతలే డోలీ దించాల్సి వచ్చింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. జంపక్క నోరు శుభ్రం చేసి, అరికాళ్ళు తట్టింది. ఊపిరి వచ్చింది కానీ సన్నగా వచ్చింది.

"ఒళ్ళు సల్లబడుతున్నది అక్కా" అంది.

చిన్నక్క పిల్లను తీసుకుని, జాకెట్ విప్పి, రొమ్ముకు ఆనించి చీర చుట్టుకుంది. అక్కడినుంచి బండి ఆగే చోటికి కిలోమీటరున్నర. ఆమె ఎక్కడా ఆగకుండా నడిచింది. వాగు దాటేటప్పుడు నీళ్ళు మోకాలిదాకా వచ్చాయి. ఒడ్డెక్కాక ఆమె చీర ఆరలేదు. అది దూలయ్య చూశాడు.

బండి దగ్గర నర్సు చీర తీసేసరికి పిల్ల ఎర్రగా ఉంది. గట్టిగా ఏడ్చింది. నర్సు చిన్నక్క చెయ్యి పట్టుకుని, "ఏందమ్మా, ఇంత సల్లగున్నవ్" అంది.

దూలయ్య తన గొంగడి తీసి పెండ్లానికి కప్పాడు. ఆమె రెండు చేతులతో దాన్ని దగ్గరికి లాక్కుంది.

పిల్ల భద్రాచలం దవాఖానాలో నెల ఉండి ఇంటికి వచ్చింది. ఇప్పుడు నడుస్తోంది. దాని ఒళ్ళు అందరి పిల్లల ఒళ్ళులాగే ఉంటుంది. మద్దిబోడు పంచాయితీలు ఇప్పుడు కట్టెల మంట చుట్టూ జరుగుతున్నాయి. రోడ్డు రాలేదు. చిన్నక్క ఎండాకాలం కూడా గొంగడి కప్పుకునే పడుకుంటుంది.