అడుగున వదిలిన మిల్లీమీటరు

"మిషన్ పని మిషనే చేస్తుంది. పక్కన నిలబడి చూడ్డానికి నువ్వెందుకు?" అన్నాడు భర్త, తిన్న కంచం పక్కకి జరుపుతూ. ఒకటో తారీకు నుంచి ఆపరేటర్ వస్తాడట, మిషన్ ముందున్న ఆమె కుర్చీ అతనికి కావాలట.

ఆమె ఆ కంచం తీసి కడుగుతూ నిలబడింది. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని నాన్న ప్రాణం తీసేది. ఆయన విసుక్కోకుండా "ఎందుకమ్మ" అని పేరు పెట్టుకున్నాడు. పెళ్లయి పదకొండేళ్లయింది, ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఇంటి ముందు భాగం కర్రపని షెడ్డు, వెనక భాగం కాపురం, మధ్యన ఒక తలుపు. ఆ తలుపు దాటి పనివాళ్లకు టీలు మోసేది ఆమె. మూడేళ్ల క్రితం కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మిషన్ వచ్చినప్పుడు, దాన్ని చూసి అందరూ నాలుగడుగులు వెనక్కి వేస్తే ముందుకు వెళ్లిందీ ఆమే. పుస్తకం చదివి, వీడియోలు చూసి, కర్రను చెక్కే బిట్లు ఎనిమిది విరగ్గొట్టి నేర్చుకుంది. వచ్చిన వాళ్లకు "మా మిషన్" అని చూపించేది మాత్రం భర్త. ఇంట్లోవాళ్ల దృష్టిలో అది పనే కాదు, కూర్చోవడం. "కూర్చుని చేసేదానికి కూడా నడుం నొప్పేనా?" అని అత్తయ్య చాలాసార్లు ఆశ్చర్యపోయింది, పాపం నిజంగానే.

కుర్చీ పోతుందన్న బాధ ఉంది, కాదనదు. దానికంటే ఎక్కువగా తొలిచేది ఇంకొకటుంది. సంగీతం టీచరమ్మ చేయమన్న పెట్టె మూత ఎందుకు కుదరలేదో తెలియకుండానే ఆ కుర్చీ వదిలేయాల్సి వస్తుందేమోనని.

నల్లకర్ర మూత మీద తెల్లకర్ర ఆకుల తీగ పొదగాలి. మొన సన్నగా ఉండే వి బిట్‌తో మూతలో గాడి చెక్కుతారు. గాడి గోడలు ఏటవాలుగా వస్తాయి. తెల్లకర్ర పలక మీద అదే తీగను అద్దంలో చూసినట్టు తిప్పి, ఉబ్బెత్తుగా చెక్కి, జిగురు పూసి బోర్లించి బిగిస్తారు. ఆరాక పై పలకను చెక్కేస్తే తీగ మిగులుతుంది. మిగిలింది కూడా, కానీ ప్రతి ఆకు చుట్టూ వెంట్రుకంత సందుతో. భర్త రంపంపొట్టులో జిగురు కలిపి సందులన్నీ పూడ్చేశాడు. అది మామయ్య కాలం నాటి కిటుకు, ఆ ఇంట్లో దానికి గుడి కట్టడం ఒక్కటే తక్కువ. టీచరమ్మ మూత మీద గోరు పెట్టి నెమ్మదిగా గీరింది. "ఆకు బాగుంది. చుట్టూ ఈ పేస్టేమిటి? శనివారం వస్తాను. కుదరకపోతే కుదరలేదని చెప్పండి, పూడ్చి మాత్రం ఇవ్వకండి" అని మూత అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు భర్త ముందు కర్రను తిట్టాడు, తర్వాత మిషన్‌ను, ఆ తర్వాత "డ్రాయింగ్ నీదేగా" అన్నాడు. బాగా వస్తే మా మిషన్, చెడితే నీ డ్రాయింగ్.

మధ్యాహ్నం ఆయన కర్రల డిపోకి వెళ్లాడు. ఆమె గిన్నెలు సర్ది, మూతను బల్లకు బిగించి, చేతిరంపం తీసుకుని సరిగ్గా పెద్ద ఆకు నడుమకి కోసేసింది. రెండు ముక్కలయ్యాక కోసిన అంచును దీపం కిందకు తెచ్చి చూసింది. తెల్లముక్క గాడి అడుగున సుబ్బరంగా ఆనుకుని కూర్చుంది. పక్కగోడలకు మాత్రం ఎక్కడా తగలడం లేదు.

గాడి లోతెంతో ముక్క ఎత్తూ అంతే ఉండాలని భర్త పట్టుబట్టి పెట్టించిన కొలత అది. సమానంగా ఉంటే సరిపోతుందని అందరూ అనుకున్నారు, ఆమె కూడా. కానీ అడుగుకు ఆనిన ముక్క ఇక దిగదు, దిగకపోతే ఏటవాలు గోడలకు బిగుసుకోదు. అడుగున కాస్త ఖాళీ ఉంటేనే పైన సందు ఉండదన్నమాట. ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. సర్దుకో, ఇంకా సర్దుకో అంటూ అడుగుదాకా దింపినవాళ్లే, ఇన్నేళ్లుగా "నువ్వు మాలో కలవలేదు" అని దెప్పుతూ వచ్చారు. తనకంటూ ఒక మిల్లీమీటరు ఉండాలని ఎవరికీ తోచలేదు. తనకైనా తోచిందా?

"మూత కోసేశావా?" వెనక మామయ్య. నిద్ర లేచి వచ్చి, కోసిన ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "యాభై ఏళ్లు ఈ పని చేశానమ్మా. ఒక్కదాన్నీ ఇలా కోసి చూడలేదు."

"ఎందుకని మామయ్యా?"

"లోపల తప్పుంటే కనబడుతుందని" అన్నాడాయన. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నల్లకర్ర ఇంకో పలక అటక మీద ఉంది, తీసుకో" అన్నాడు.

ముందు పనికిరాని చెక్కల మీద చూసుకుంది. ఐదు మిల్లీమీటర్ల గాడిలో ముక్కను నాలుగున్నర దిగేలా చెక్కితే సందు తగ్గింది కానీ పోలేదు. మూడే దిగేలా చేస్తే పట్టు చాలక, పై పలక చెక్కేటప్పుడు ఆకు కొసలు లేచిపోయాయి. నాలుగు దగ్గర ముక్క అడుగుకు ఆనకముందే గోడల మధ్య కిర్రుమంటూ బిగుసుకుంది. ఆ చప్పుడు వినడానికే మళ్లీ రెండుసార్లు చేసింది. సాయంత్రం భర్త వచ్చి మూత రెండు ముక్కలై ఉండటం చూసి, "ఎవర్నడిగి కోశావు?" అన్నాడు. "అడిగితే వద్దంటారని అడగలేదండీ" అంది. ఆ పూట కూరలో ఉప్పు లేదని అత్తయ్య అంది. నిజమే, లేదు.

శనివారం టీచరమ్మ కొత్త మూత మీద గోరు పెట్టి తీగంతా నడిపించింది. గోరు ఎక్కడా ఆగలేదు. "ఏం మార్చారు?" అని భర్తనడిగింది.

"సెట్టింగ్ మార్చామండీ."

"ఏ సెట్టింగ్?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, కోసిన పాత ముక్కను చూపించి అంతా చెప్పింది. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని నాలుగు ప్రశ్నలేసింది. నాలుగింటికీ జవాబు తన దగ్గర ఉండటం ఆమెకే వింతగా అనిపించింది. వెళ్తూ టీచరమ్మ మరో రెండు పెట్టెలకు చెప్పింది.

భర్త సంబరపడిపోయాడు. "భలే పట్టావు. ఆ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చెయ్. ఒకటో తారీకున ఆపరేటర్ చేతిలో పెడతా. ఇక నీకీ దుమ్ములో తిప్పలు లేవు" అన్నాడు. ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. అందుకే అది ఇంకా గుచ్చుకుంది. రాయడానికి పెద్ద పనేం కాదు, నాలుగు వరుసలు. రేపు కర్ర మారితే, బిట్ అరిగితే ఆ నాలుగు వరుసలు పనికిరావు, మళ్లీ ఎవరో ఒకరు కోసి చూడాలి. ఆయన పెన్ను కూడా తీసి చాపాడు. ఆమె దాన్ని అందుకోకుండా వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాసివ్వను. ఒకటో తారీకున అతన్ని రమ్మనండి, నా దగ్గర కూర్చుని నేర్చుకుంటాడు."