రెండు తలుపుల కారు

ఆ వీధిలో ఎవరు ఏ పాత వస్తువు కొనాలన్నా పరదాల కొట్టాయన అక్కని వెంట తీసుకెళ్లేవాళ్లు. ఆవిడ చేసేదేమీ లేదు, ఓ పక్కన కూర్చోవడమే. దగ్గర్లో ఎవరైనా అబద్ధమాడితే ఆవిడ బరువెక్కేది. చూడ్డానికి అదే మనిషి, గట్టిగా గాలొస్తే ఎగిరిపోయే బక్కప్రాణి. కానీ ఫ్రిజ్ అమ్మేవాడు "రిపేరన్నదే ఎరగదండీ" అనగానే కింద స్టూలు కిర్రుమనేది. కొనేవాళ్లు సంచీ భుజాన వేసుకుని లేచి వచ్చేసేవాళ్లు. ఇందులో వింతేముంది, వాన వస్తుందంటే కొందరికి కీళ్లు లాగవూ? ఈవిడకి ఇది. బీమా ఏజెంటు మాత్రం ఆవిడ కూరలకి వెళ్లే వేళ చూసుకుని వీధిలోకి వచ్చేవాడు.

ఆ అబద్ధం చెవిన పడ్డా పడకపోయినా బరువు బరువే. బయటివాళ్లదైతే ఓ నిద్ర తీస్తే దిగిపోయేది. ఇంట్లోవాళ్లది అలా కాదు. ఆడినవాళ్లు నోరు విప్పి నిజం ఒప్పుకునేదాకా మోకాళ్ల మీదే కూర్చునేది.

ఆవిడకి ఇంట్లోవాళ్లంటే ఒక్క తమ్ముడే. అమ్మానాన్నా పోయాక కుట్టుమిషను తొక్కి వాణ్ణి పెంచింది. ఆ మిషను మీద కుట్టిన పరదాలే పెరిగి కొట్టయ్యాయి. కొట్టు పెరిగి హోటళ్లకి సరుకు పంపేదాకా వచ్చింది. తమ్ముడికి నలభై దాటినా, పెళ్లి మాటెత్తితే కారు మాటెత్తేవాడు. అదీ మామూలు కారు కాదు. రెండే తలుపులుండి, నేలని రాసుకుంటూ పోయే నల్లటి ఖరీదైన కారు. కొత్తది కొనాలంటే కొట్టు అమ్మాలి గనక పాతది వెతుకుతున్నాడు.

ఆ మధ్య అక్కకి మోకాళ్లు పట్టేశాయి. మెట్లెక్కితే ఆవిడకంటే ముందు మెట్లు మూలిగేవి. ఆస్పత్రిలో ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి, ఇంత సన్నటి మనిషికి మోకాళ్లు ఇలా అరగడమేమిటి, బరువులేమైనా మోస్తారా అని అడిగింది. వయసండీ అన్నాడు తమ్ముడు. అక్క గబుక్కున బల్ల పట్టుకుంది.

వయసు కాదని వాడికి తెలుసు. దానికి నెల ముందు, హోటళ్లకి హంగులు చేసే డెకరేటర్ ఒకాయన తన ఇంట్లో విందుకి పిలిచాడు. అక్కని కళ్ల ఆస్పత్రి నుంచి తీసుకొస్తూ, ఇంటి దగ్గర దింపి రావడానికి టైం లేక, ఆవిడతోనే వెళ్లాడు తమ్ముడు. పాత చీర, పక్కలకి తొక్కేసిన చెప్పులు. ఈవిడెవరని డెకరేటర్ అడిగాడు. "మా కొట్లో కుట్టుపని చేసే మనిషండీ, దారిలో దింపాలి" అన్నాడు వీడు. అంతే, గదిలో ఆ చివర అక్క కూర్చున్న పేము కుర్చీ చతికిలబడింది. అందరూ నవ్వారు. కుర్చీదే తప్పనుకున్నారు పాపం. వీడు కూడా నవ్వాడు. ఇప్పటికీ తలుచుకుంటే వాడికి తల కొట్టేసినట్టయ్యేది ఆ నవ్వే.

ఇంటికొస్తూ, ఏమైనా వినపడిందా అక్కా అని అడిగాడు. వాళ్ల పాటల గోలలో ఏం వినపడుతుందిరా, కుర్చీ పాతదేమోలే అంది అక్క. వీడు హమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాత వీధి మొదట్లోని స్పీడ్ బ్రేకరుకి సైలెన్సరు గీసుకుంది. రోజూ దాటే స్పీడ్ బ్రేకరే. మునిసిపాలిటీవాళ్లు ఎత్తు పెంచారు కాబోలనుకున్నాడు.

ఎట్టకేలకి వాడికి కావలసిన కారు దొరికింది. అమ్మే ఆవిడ పళ్ల డాక్టరు. వీధిలో అందరూ బాబాయి అని పిలిచే మెకానిక్‌ని, అక్కని వెంటబెట్టుకుని వెళ్లాడు వీడు. కారు ఆవిడ ఇంటి ముందు, రెండు పక్కలా జానెడెత్తు సిమెంటు గట్లున్న సందులో తళతళలాడుతూ నిలబడి ఉంది. దాన్ని చూడగానే వాడి మొహం చాటంత అయింది.

బాబాయి ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. కొనేవాళ్లు వచ్చేముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, చల్లటి ఇంజను ఎంత మొరాయిస్తుందో తెలియదు. చల్లగానే ఉంది. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద జరుపుకుంటూ పోయాడు. పుట్టీ పెట్టి రంగేసిన చోట అది పట్టుకోదు. కార్పెట్ ఎత్తి ముక్కు పెట్టి వాసన చూశాడు. తలుపుల సందులు వేలితో కొలిచాడు. టైర్ల మీద తయారైన సంవత్సరం చదివాడు. రెండో తాళంచెవి ఉందా అని అడిగాడు. బాబాయి ఇవన్నీ చేస్తుంటే, అసలు పరీక్ష కోసం అక్కని చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు తమ్ముడు. అంత కిందికి దిగేసరికి ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కూర్చోగానే కారు ఆ పక్కకి ఒరిగింది.

డాక్టరమ్మ దాపరికం లేని మనిషి. కుడి తలుపు గేటుకి గీసుకుంటే రంగు వేయించానంది. చలికాలం పొద్దున్నే గేరు ఓసారి జర్క్ ఇస్తుందంది. పైకప్పు అద్దంలోంచి ఒకసారి వాన నీళ్లు కారి కార్పెట్ తడిసిందని కూడా చెప్పింది. ఒక్కో మాటకీ బాబాయి వంగి చక్రం వైపు చూశాడు. ఇంచు కదల్లేదు. నిరుడే స్ప్రింగులు మార్పించాను, ఇలా ఒరగకూడదే అని ఆవిడే ఆశ్చర్యపోయింది. ఆ మాటకీ కారు కదల్లేదు. అంటే అదీ నిజమే. మరి ఎందుకు ఒరిగిందీ అని బాబాయి బుర్ర గోక్కున్నాడు. తమ్ముడు ఆకాశం వైపు చూశాడు.

"కారు సంగతి చెప్పేశాను. నేనూ ఒక మాట అడగనా?" అంది డాక్టరమ్మ. "మీ అక్కగారికి మోకాళ్లు అంత బాధగా ఉంటే, ఇంత కిందికుండే రెండు తలుపుల బండి ఎందుకండీ మీకు?"

"అక్క కోసమేనండీ. సీట్లు మెత్తగా ఉంటాయని," అన్నాడు తమ్ముడు. నోరు అలవాటుపడిపోయింది, వాడేం చేస్తాడు.

కారు దభీమని కిందికి దిగింది. అప్పుడే కారు కిందనుంచి తల బయటికి తీసిన బాబాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. చక్రాలు సగానికి మడ్‌గార్డుల్లోకి దూరిపోయాయి. రెండు తలుపుల అంచులూ గట్లకి ఆనుకుని బిగుసుకున్నాయి. అక్క లోపల ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. బాబాయి జాకీ తెచ్చి పెట్టాడు. ఆ జాకీ వంకర తిరిగింది.

"ఇది జాకీ లేపే బరువు కాదురా అబ్బాయ్," అన్నాడు. "నీ చేతిలో పని."

డాక్టరమ్మ లోపలికి వెళ్లబోయింది. ఇక్కడే ఉండండి అన్నాడు తమ్ముడు. ఎందుకన్నాడో వాడికే తెలియదు. అందరి ముందూ ఆడిన అబద్ధం చాటుగా ఒప్పుకుంటే ఏం బాగుంటుందనుకున్నాడేమో. అద్దం దించి ఉన్న కిటికీ దగ్గర చతికిలబడ్డాడు. చెవులు కాలిపోతున్నాయి.

"నీ కోసం కాదక్కా," అన్నాడు. "నాలుగు తలుపులుంటే నువ్వూ ఎక్కుతావని. దీన్లో అయితే నువ్వే రానంటావు కదా. నిన్ను రావద్దని నేను చెప్పక్కర్లేదని."

కారు బెత్తెడు లేచింది. తలుపు ఇంకా రాలేదు.

"ఆ రోజు డెకరేటర్ గారింట్లో నువ్వెవరని అడిగారు. కొట్లో పని చేసే మనిషివని చెప్పాను. నీ చెప్పులు చూసి సిగ్గేసింది నాకు. కుర్చీ విరిగితే వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆస్పత్రిలో నీ మోకాళ్లకి వయసే కారణమన్నదీ అబద్ధమే."

చక్రాలు బయటికొచ్చాయి. బాబాయి తల పక్కకి తిప్పుకున్నాడు. ఆయన్నీ అక్క పరదాలమ్మిన డబ్బుతోనే ఒకప్పుడు ఆస్పత్రిలో చూపించారు. తమ్ముడు తలుపు పట్టుకుని లాగాడు. అంచు ఇంకా గట్టుకి గీసుకుంటూనే ఉంది, వేలెడు తేడా. ఇంకేం దాచలేదక్కా, అన్నీ చెప్పేశాను, నీ మీద ఒట్టు అన్నాడు ఏడుపుగొంతుతో. ఆ మాటకి కారు దిగలేదు. నిజమే చెప్పాడన్నమాట. మరి ఆ వేలెడూ ఎవరిది?

అక్క తన వేళ్లకేసి చూసుకుంది.

"అది నాదిరా," అంది. "ఆ రోజు వినపడలేదన్నాను. వినపడింది. అంతా వినపడింది."

కారు తేలిగ్గా పైకి లేచింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. తమ్ముడికి ఆ స్పీడ్ బ్రేకరు గుర్తొచ్చింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి బయటికొచ్చింది. కారులో దాచిన లోపమేదీ లేదని తేలింది కదా, తీసుకుంటారా అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది. చూసుకోమని ఇచ్చిన తాళంచెవి తమ్ముడు తిరిగి ఆవిడ చేతిలో పెట్టేశాడు. మొహం చూపించలేక నమస్కారం కూడా నేలకే పెట్టాడు.

వాళ్ల పాత కారులో ముందు సీటు నిండా డెకరేటర్‌కి చూపించాల్సిన గుడ్డ ముక్కల పుస్తకాలు. వాటిని తీసి డిక్కీలో పడేసి, ముందు తలుపు తెరిచాడు. అక్క కూర్చుంది. బాబాయి వెనకాల వంకర జాకీ ఒళ్లో పెట్టుకుని, ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చున్నాడు. కారు వీధి మొదటికి వచ్చింది.

"నన్ను క్షమించావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఊరుకోరా. ఎప్పుడో క్షమించేశాను," అంది అక్క.

కారు అక్క పక్కకి ఒరిగింది. ముగ్గురికీ తెలిసింది. ఎదురుగా స్పీడ్ బ్రేకరు. తమ్ముడు బ్రేకు మీద కాలేసి ఆపేశాడు.

అక్క ఓ నిట్టూర్పు విడిచింది. "లేదురా. ఇంకా లేదు," అంది. "రేపటినుంచి కొట్లో ముందు కుర్చీలో కూర్చుంటాను. వచ్చినవాళ్లకి నేనెవరో నువ్వే చెబుతుండు. తర్వాత చూద్దాం."

కారు సమంగా నిలబడింది. తమ్ముడు సరేనన్నాడు. ఆ మాటకీ కారు ఒరగలేదు. మెల్లగా ముందుకి పోనిచ్చాడు. సైలెన్సరు ఎక్కడా తగల్లేదు. ఇల్లు వచ్చేదాకా తల తిప్పి అక్క వంక చూడ్డానికి మాత్రం వాడికి మొహం చెల్లలేదు.