కప్పు లేనన్నాళ్లు

పొద్దు నడినెత్తికి రాకముందే గాలి తూర్పుకు తిరిగింది. వాకిట్లో పేర్చిన వడ్ల బస్తాల మీద మస్తానమ్మ ఈతచాపలు కప్పుతోంది. ఒకటి కప్పేలోగా ఇంకొకటి లేచిపోతోంది. సవకతోపుల మీద మబ్బు నానేసిన చింతపండులా నల్లగా దిగి కూర్చుంది. ఇంటికి నాలుగు గోడలున్నాయి, నెత్తిన మాత్రం ఆకు లేదు. పాత తాటాకు కప్పు దించి అమావాస్య కూడా దాటిపోయింది. కుండలు, రోకళ్లు, దేవుడి పటం అన్నీ ఆరుబయటే. లోపల ఒక్క మూల మాత్రం రెండు వాసాలు అడ్డంపెట్టి తాటాకులు పరిచారు. ఆ నీడన నులకమంచం మీద కూతురు చెంచులక్ష్మి నడుము పట్టుకుని కూర్చుంది. తొలి పురుటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. నెలలు నిండాయి.

మొగుడు హజరత్తయ్య తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. ఆ నడక చూస్తేనే జవాబు తెలిసిపోయింది, అయినా అడిగింది మస్తానమ్మ.

"మేస్త్రి దొరికినాడా?"

"దొరక్కేం. బియ్యం మిల్లు కాడ కుర్చీ ఏసుకోని కూర్చోనుండాడు. మిల్లాయన ప్రహరీకి తొందరపెడతుండాడంట. రేపొస్తా పో బావా అన్నాడు."

"వాడి రేపుకి ఎన్నటికీ తెల్లారదు. మిల్లాయన కూతురేమన్నా నీళ్లాడబోతుందా, అంత తొందర?"

హజరత్తయ్య ఎగిరిపోతున్న చాప అంచు పట్టుకుని దాని మీద రోలు దొర్లించాడు.

పెంకుటిల్లు కావాలని పట్టుబట్టింది మస్తానమ్మే. కిందటేటి గాలివానకు కప్పు సగం ఎగిరిపోయింది, మిగిలిన సగం కురిసి కురిసి గోడలను తినేసింది. వేరుశనగ అమ్మిన డబ్బుతో కాలువ మీద పడవలో పెంకు వచ్చింది. ఇక మేస్త్రి ఎవరన్నదే మాట. విడవలూరు ఆదెయ్య మంచి పనివాడే గానీ మోకాళ్లు పట్టేసి నిచ్చెన ఎక్కలేడు. "మనోడుండగా బయటోళ్లెందుకు?" అన్నారు చుట్టాలంతా. మనోడంటే పద్మనాభయ్య, మస్తానమ్మ పిన్నమ్మ కొడుకు. చేతికి గడియారం, సైకిలుకు డైనమో లైటు, కంట్రాక్టరన్న పేరు. అతను తాపీ పట్టగా చూసినవాళ్లు మాత్రం ఊళ్లో ఎవరూ లేరు. పక్కింటి ఆదిశేషమ్మ గోడకు అతను సముద్రపు ఇసుక కలిపించాడు. ఏడాది తిరక్కముందే ఉప్పు పూసి సున్నం పెచ్చులూడింది. ఆ సంగతి మస్తానమ్మకు తెలుసు. తెలిసీ తమలపాకులు అతని చేతిలోనే పెట్టింది. తమ్ముడి వరస కదా, కాదంటే పిన్నమ్మ మొహం ఎట్లా చూడడం?

పద్మనాభయ్య వచ్చి, పని తనదని గుర్తుగా ముగ్గు పోసి వెళ్లాడు. పని చేసింది యెహోషువ. కాలువ అవతల మాలపల్లె మనిషి. తాటాకు కప్పు ఉన్నన్నాళ్లు కళ్లం అంచున నిలబడి పిలిచేవాడే తప్ప వాకిలి దాటి ఎరగడు. కప్పు దిగిన రోజున తట్టా తాపీ పట్టుకుని నేరుగా వంటింట్లోకి నడిచి వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. కప్పు లేనిది ఇల్లు కాదు, ఉత్త గోడలు. గోడలకు అంటు లేదు. పెంకు పరిచిన రోజున అతను మళ్లీ బయటికి పోవాలి, వెనకాలే పసుపునీళ్లు చల్లుతారు. అంతకు ముందు ద్వారబంధం ఎత్తే ముహూర్తానికి పద్మనాభయ్య తలపాగా చుట్టుకుని వచ్చి, కొయ్యకు చెయ్యి ఆనించి, కొత్తబట్టలూ తాంబూలమూ పుచ్చుకుంటాడు. ఆ చెయ్యి ఎవరిదైతే మేస్త్రి అతనే. ఊళ్లో పెంకుటిళ్లన్నీ అట్లా లేచినవే.

"ఏం మస్తానమ్మా, ఆకాశమే కప్పనుకున్నావా ఏంది?" దడి మీదుగా తొంగిచూసి నవ్వింది ఆదిశేషమ్మ. "బిడ్డ పుట్టంగానే చుక్కల్ని చూపిద్దువులే."

మస్తానమ్మ చాప వదిలేసి, కొంగు నడుముకు చుట్టుకుని, కాలువ వైపు నడిచింది.

ఆ రోజు ఆదివారం. ప్రార్థన ముగించుకు వచ్చి యెహోషువ తన గుడిసె మీద తాటాకు కుడుతున్నాడు. ఊరికి పెంకు పరిచిన మనిషి ఇల్లు అది. భార్య సమాధానం కింద నుంచి ఆకులు అందిస్తోంది. మస్తానమ్మను చూసి ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. ఆమె ఆ దారిన రావడం అదే మొదలు.

"ఏమ్మా, బిడ్డకి నొప్పులొచ్చినాయా? మా అత్తని పిలవమంటారా?" అంది సమాధానం. యెహోషువ తల్లి ఊరంతటికీ మంత్రసాని.

"నొప్పులు కాదు. వానొస్తా ఉండాది. యెహోషువా, రేపొచ్చి ద్వారబంధం ఎత్తి పెంకు పరిచెయ్యి నాయనా. కూలి మా చేతి మీదనే తీసుకో. వాడికిచ్చేదే నీకిస్తాం, రోజుకి మూడు రూపాయలు."

"మూడా!" సమాధానం ఆకు కింద పడేసింది. "మాకాయన ఇచ్చేది రూపాయిన్నరే."

"మరి తక్కింది?"

"తలపాగాకి."

యెహోషువ నిచ్చెన దిగి వచ్చాడు. "ముగ్గు పోసింది పద్మనాభయ్యగారమ్మా. ఒకరు ముగ్గు పోసిన ఇంటికి ఆయన వదిలిందాకా ఇంకొకరు పోకూడదు. ఆయన్ని దాటి నేనొస్తే రేపటినించి నాకెవురు పనిస్తారు? మీది ఒక్క ఇల్లు. నాకు ఏడాదంతా పొట్ట ఉండాది."

"పోనీ వచ్చినాడే అనుకోండమ్మా," సమాధానం అందుకుంది. "మొన్న ఇద్దరం పనికొచ్చి మీ వంటింట్లో కూర్చోని సంగటి తిన్నాం. మీరే పులుసు పోసినారు. పెంకు పడినాక అదే చోట మా నీడ పడితే పసుపునీళ్లు చల్లుతారు. మా చెయ్యి గోడకి తగిలితే మైల కాదు, కప్పు కిందకొస్తే మైలా? పెంకు గూడా మట్టే గదమ్మా."

"గమ్మునుండు," అన్నాడు యెహోషువ.

"నువ్వు గమ్మునుండబట్టే ఇంకా ఆకు కుట్టుకుంటుండాం."

అతను చేతులకంటిన దుమ్ము దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

"వస్తానమ్మా. ద్వారబంధం నేనే ఎత్తాల. తాంబూలం నా చేతికే ఇయ్యాల, నలుగురూ చూస్తుండగా. అప్పుడు ఇంకొక ఇంటోళ్లన్నా నన్ను మేస్త్రీ అని పిలుస్తారు. దొంగతనంగా పరిచి పోతే ఆయన కాడ పనీ పోతాది, మీరూ పిలవరు."

మస్తానమ్మ ఊరి వైపు చూసింది. "మా ఆయన్ని ఒక మాట అడిగి..."

"అడగండమ్మా," అంది సమాధానం. "వాన గూడా ఆయన్ని అడిగే పడతాది."

దారి పొడుగునా ఆ మాట ఆమె వెంట వచ్చింది. చెంచులక్ష్మిని ఈ లోకంలోకి దించింది యెహోషువ తల్లి చేతులే. పురుటి గది ఎట్లాగూ మైలే కాబట్టి ఆమెను అప్పుడు ఎవరూ ఆపలేదు. పురుడు పోసి ఆమె వెళ్లిపోయాక తానే గది కడిగించింది. మైలపడ్డ గదిలోకి తల్లి, కప్పులేని ఇంట్లోకి కొడుకు. ఇల్లు ఇల్లు కాకుండా ఉన్నప్పుడే కదా వాళ్లకు తలుపు తెరిచేది! ఇన్నేళ్లుగా కళ్ల ముందున్న సంగతే. కాలువ కట్ట మీద నిలబడి ఇప్పుడే చూసినట్టుగా ఉంది మస్తానమ్మకు.

"చుట్టాలు మన గడప తొక్కరే!" అన్నాడు హజరత్తయ్య, ఆమె చెప్పిందంతా విని.

"గడప యాడుండాది గనక తొక్కను?"

"నవ్వులాట కాదు. బారసాలకి ఎవురొస్తారు?"

"బిడ్డ తడవకుండా ఉంటే గదా బారసాల!"

అతను చుట్ట వెలిగించబోతే గాలికి అగ్గిపుల్లలన్నీ ఆరిపోయాయి. వెలగని చుట్టనే నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మస్తానమ్మ మళ్లీ అడగలేదు. పల్లెకు కబురు పంపింది.

తెల్లవారేసరికి యెహోషువ దంపతులు వచ్చారు. వేపకొయ్య ద్వారబంధానికి పసుపు పూసి, బొట్లు పెట్టి సిద్ధంగా ఉంచింది మస్తానమ్మ. ఇత్తడి పళ్లెంలో ధోవతి, చీర, ఆకులూ వక్కలూ, కొబ్బరికాయ. దడి అవతల ఆదిశేషమ్మ, ఆమె వెనక ఇంకో నలుగురు చేరారు. యెహోషువ కొయ్యను భుజానికెత్తుకుని నిలబెట్టాడు. అది ఇంకా గుంటల్లో కుదురుకోలేదు. సమాధానం ఊతకర్రలకోసం దొడ్లోకి పరుగెత్తింది.

అప్పుడు సైకిలు గంట మోగింది.

"ఏం అక్కా, నాకు చెప్పకుండానే ముహూర్తమా? సరేలే, మనలో మనకేంది." పద్మనాభయ్య సైకిలు దడికి ఆనించి తలపాగా చుట్టుకుంటూ వచ్చాడు. "ఒరే యెహోషువా, పక్కకి జరుగు. మిల్లు పని ఎగ్గొట్టినావు, నీ సంగతి తర్వాత చూస్తా."

"జరిగితే పడిపోతాదయ్యా."

"అయితే అట్టనే పట్టుకో." కొయ్యకు వేళ్లు ఆనించి, రెండో చెయ్యి చాచాడు. "తే అక్కా, పళ్లెం ఇట్టా తే."

మస్తానమ్మ రెండు అడుగులు వేసింది. పళ్లెం అతని చేతిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆమె దాన్ని నడుముకు ఆనించుకుంది.

"ఇది నీకు కాదబ్బయ్యా."

"ఏందీ?"

"కట్టినోడికి."

దడి అవతల ఎవరో "అమ్మో!" అన్నారు. పద్మనాభయ్య మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "నీకేమన్నా గాలి సోకిందా అక్కా? రేపు మా అమ్మకి ఏం చెప్పుకుంటావు?"

"ఏం చెప్తానో నాకూ తెలీదు. పళ్లెం మాత్రం ఇయ్యను."

మొదటి చినుకు పళ్లెంలో తమలపాకు మీద టప్పున పడింది. పద్మనాభయ్య చెయ్యి తీసేశాడు. కొయ్య ఒక్కసారి ఊగింది. యెహోషువ మెడ నరాలు ఉబ్బాయి. మస్తానమ్మ పళ్లెం అతని ముందుకు చాచింది గానీ, అతను ఏ చేత్తో అందుకుంటాడు? రెండు చేతులూ ద్వారబంధాన్ని మోస్తున్నాయి. సమాధానం ఇంకా దొడ్లోంచి రాలేదు. అవతలి పక్క నుంచి ఇంకొకరు వచ్చి పట్టుకుంటేనే అతని చెయ్యి ఖాళీ అయ్యేది.

"నాయనా!" లోపలి నుంచి చెంచులక్ష్మి పిలిచింది. "పోయి ఆ కొయ్య పట్టుకో నాయనా!"

దడి అవతల ఉన్నవాళ్లంతా బస్తాల పక్కన కూర్చున్న హజరత్తయ్య వైపు తిరిగారు. అతను లేచాడు. చుట్ట నోట్లోనుంచి తీసి కింద పెట్టాడు. తడుస్తున్న చేతులు పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. కొయ్య వైపు ఒక అడుగు వేశాడు.

చినుకులు ఎక్కువయ్యాయి. పళ్లెం పట్టుకున్న మస్తానమ్మ చెయ్యి చాచే ఉంది.