‘రా’ పట్టని కాసెట్

వెంకటనర్సమ్మ రెక్సిన్ సంచిలో ముందు తువ్వాలలు పెట్టింది. వాటిమీద మనవడు ఐలేశం చొక్కాలు, పక్కన మురుకుల డబ్బా, సందులో జ్వరం గోళీలు. అన్నీ పెట్టాక అన్నీ బయటికి తీసి మళ్లీ సర్దింది. హైదరాబాదు ప్రయాణం నాలుగు రోజులే. అయినా సంచి సర్దాలంటే ఆమెకు భయం. ముప్పై ఏళ్ల కింద ఇలాగే సర్ది ఇచ్చిన సంచితో భర్త చంద్రయ్య బొంబాయి దగ్గరి భీవండి మరమగ్గాలకు పోయాడు, పోయినవాడు పోయినట్టే. చంద్రయ్య ముఖం ఇప్పుడు సరిగా గుర్తుకు రాదు గాని, ఆ సంచి ఆకుపచ్చదని గుర్తు.

ఐలేశం, పక్కింటి ఖాదర్‌బీ కొడుకు నూరుద్దీన్ కలిసి కాసెట్ తెస్తున్నారు. ఇదే మొదటిది. అందులో ఎనిమిది పాటలు. పాటలంటే రాగం ఉండదు, తాళం మీద మాటలు దొర్లించడమే. నూరుద్దీన్ మేనమామ బొంబాయి నుంచి తెచ్చిన టేపులో అమెరికాలోని నల్లవాళ్ల పిల్లలు అలా పాడగా విని, ఏడాదిగా ఇద్దరికీ అదే పిచ్చి పట్టింది. బోరు నీళ్లు తాగి వంకరపోయిన కాళ్ల మీద ఒకటి కట్టారు, కరెంటు కోత మీద ఒకటి కట్టారు.

"గిది పాటనా, పంచాయితా?" అంది ఆమె మొదటిసారి విన్నప్పుడు.

"హిప్ హాప్ అంటరు అవ్వా," అన్నాడు నూరుద్దీన్.

"హిప్పో గిప్పో. నడుమ ఊపిరన్న తీస్కోండ్రి బిడ్డా."

ఆఖరి పాటకు తాళం కుదరలేదు. అది అవ్వ గుంట మగ్గంలోనే ఉందని కనిపెట్టింది నూరుద్దీనే. తాడు లాగితే నూలు కండె ఉన్న నాడె పడుగు దారాల నడుమ నుంచి అటు పోతుంది, మళ్లీ లాగితే ఇటు వస్తుంది. పోయేటప్పుడు "పో" అంటుంది వెంకటనర్సమ్మ, వచ్చేటప్పుడు "రా" అంటుంది. చంద్రయ్య భీవండి పోయినప్పటి నుంచి నోటికి పట్టిన అలవాటు అది. నాడె అవతలి వైపు ఉండగా ఆమె మగ్గం దిగదు. అన్నానికి పిలిచినా, వాన వచ్చి బయట బట్టలు తడుస్తున్నా, "రా" అని దాన్ని తనవైపుకు తెచ్చుకున్నాకే గుంటలోంచి కాళ్లు తీస్తుంది.

బస్సుకు అరగంట ఉందనగా నూరుద్దీన్ టేపురికార్డరు పట్టుకొచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. ఉన్నది ఒక్కటే కాసెట్. హైదరాబాదు స్టూడియోలో వినిపించడానికి పాటలన్నీ దానిలోనే రెండు వైపులా పట్టారు. చివర కాస్త జాగా మిగిలింది. రెండు మీటలు ఒక్కసారే నొక్కాడు.

"ఇగ నెయ్యి అవ్వా."

ఆమె తాడు పట్టుకొని ఆగింది. "నీ సంచిల తువ్వాల పెట్టినవా?"

"పెట్టిన. నెయ్యి."

"చెద్దరు? ఆడ చలి పెడ్తదంట."

"అవ్వా, టేపు తిరుగుతాంది!"

"తిరగనియ్యి, దాని కాళ్లేమన్న నొస్తయా? చెద్దరు పెట్టినవా లేదా?"

"పెట్టిన తల్లీ! రెండు పెట్టిన!"

వాకిట్లో సంచి భుజాన వేసుకున్న ఐలేశం నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాడు. అప్పుడు మొదలుపెట్టింది ఆమె. పో, రా. పో, రా. కాళ్ల కింద చెక్కలు కదిలాయి, మగ్గం ఊపందుకుంది, నూరుద్దీన్ తలాడించసాగాడు. ఆమె "పో" అంది. నాడె అటు పోయింది. టేపురికార్డరు టక్కుమని ఆగిపోయింది.

"అయిపాయె," అన్నాడు నూరుద్దీన్. "కాసెట్ల జాగ లేదు."

"రా అనలే నేను!"

"అను. మేం వింటున్నం గద."

"గట్ల కాదు. నాడె ఆడనే ఉన్నది. జర వెనక్కి తిప్పి మళ్ల పట్టు."

"బస్సు పోతది అవ్వా," అన్నాడు ఐలేశం.

ఆమె ముఖం చూసి నూరుద్దీన్ నవ్వు మానేశాడు. "ఫికర్ చెయ్యకు. వచ్చినంక రా పడతా. నువ్వు రా అనేదాంక ఇంకో కాసెట్ చెయ్యం, సరేనా?"

ఇద్దరూ నకిరేకల్ బస్టాండుకు పోయే రోడ్డు మీదికి పోయారు. వాళ్ల అడుగుల చప్పుడు వినబడుతుండగానే ఆమె తాడు లాగి "రా" అంది. నాడె వచ్చింది.

ఐదోనాడు ఐలేశం ఒక్కడే దిగాడు. స్టూడియోలో నూరుద్దీన్ గొంతు విన్న ఆర్కెస్ట్రావాళ్లు అతణ్ణి బొంబాయి ప్రోగ్రాములకు తీసుకుపోయారట. నెల రోజులేనట.

జనవరిలో పార్సిలు వచ్చింది, కాసెట్లతో, నూరుద్దీన్ ఉత్తరంతో. నూలు చుట్టి వచ్చే పాత పేపర్ల మీద సొంతంగా అక్షరాలు నేర్చుకున్న వెంకటనర్సమ్మ, ముందు అట్ట మీది అచ్చు చదివింది. ఐలేశం, నూరుద్దీన్. కింద చిన్నగా, మగ్గం: వెంకటనర్సమ్మ. వేలితో రెండుసార్లు తడిమింది. తరువాత ఖాదర్‌బీకి ఉత్తరం చదివి వినిపించింది. ‘రెండో కాసెట్ అవ్వ "రా"తోనే షురూ చేద్దాం. టేపు పట్టుకొని నేనే వస్త.’

కాసెట్ పెట్టారు. ఆఖరి పాట మొదట్లో తువ్వాల, చెద్దరు అలాగే ఉన్నాయి. రెండు పెట్టిన అని కొడుకు అరుస్తుంటే ఖాదర్‌బీ కొంగు నోటికి పెట్టుకుని నవ్వింది. ఆ తరువాత మగ్గం, దాని మీద ఇద్దరి మాటలు. చివరికి మాటలు ఆగి మగ్గం ఒక్కటే మిగిలింది. పో అన్న మాటతో అదీ ఆగింది.

"నీ రా ఏడబాయె అక్కా?" అంది ఖాదర్‌బీ.

"నా నోట్లనే ఉన్నది. సంచి ముచ్చట్లు పెట్టి జాగంత నేనే తిన్న."

మరునాడే ఐలేశంతో ఖాళీ కాసెట్ తెప్పించి గూట్లో పెట్టించింది. ఈసారి టేపు తిరిగేటప్పుడు ఏమీ అడగనని ఖాదర్‌బీకి మాట ఇచ్చింది. ఉత్తరాలు మరో రెండు వచ్చాయి, తరువాత అవీ ఆగిపోయాయి.

నూరుద్దీన్ తిరిగి రాలేదు. అతను నకిరేకల్‌లో బస్సెక్కింది పంతొమ్మిది వందల తొంభై ఏడు, నవంబరు పన్నెండున.