ఉస్తాద్ వస్తున్నాడు

పంజగుట్టలో మా వంటింటి సింకు కింద పైపు పొద్దున్నుంచి కారుతోంది. బకెట్ నిండిన ప్రతిసారీ మోసుకెళ్ళి పారబోసి, ప్లంబర్ సురేందర్‌కు ఫోన్ చేస్తున్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. అమీర్‌పేట్ల ఉన్న, గిప్పుడే వస్తున్న," అంటాడు ఎప్పుడు చేసినా.

మా ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్. సోఫాలో పేపరు చదువుతూ, "కంగారెందుకు? అతను ఉస్తాద్ అని వాచ్‌మన్ చెప్పాడుగా," అన్నారు. "అసలు ఉస్తాద్ అంటే ఏంటో తెలుసా? పారసీలో గురువు అని. పర్షియాలో పుట్టి, ఉర్దూ వెంట ఇంత దూరం వచ్చి, మన హైదరాబాదులో పనితనం ఉన్న ప్రతివాడికీ పేరైంది."

నిండిన బకెట్ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర దబ్బున పెట్టాను.

"మాట పర్షియా నుంచి వచ్చింది. మనిషి మాత్రం పక్కనే ఉన్న అమీర్‌పేట నుంచి రాడు. మీరేమో సోఫాలోంచి లేవరు!"